అడ్డపొగా వెలుతురు మిషనూ

ఆ వానాకాలం మా గల్లీలోకి జ్వరం కంటే ముందు మిషను వచ్చింది.

జ్వరం అప్పటికి పోర్ట్ బ్లెయిర్ రేవు పక్కన హాడో క్వార్టర్స్ దగ్గరే ఉంది. కొత్తరకం ఫ్లూ అన్నారు. ముసురు పట్టి మూడు వారాలు దాటింది. తీగల మీద బట్టలు ఆరడం లేదు. డబ్బాలో ఉప్పు నీరు కారుతోంది. హాడో వార్ఫ్‌లో కార్గో క్లర్కుగా పనిచేసే మా ఆయన గోపినాథ్ సాయంత్రం రాగానే చెప్పులు వానలోనే వదిలేసి, మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, అప్పుడు గుమ్మం ఎక్కేవారు. ఆయన సెక్షన్‌లో నలుగురు అప్పటికే మంచం పట్టారు.

డిగ్నాబాద్‌లో మా గల్లీ కొండవాలున కిందికి దిగుతుంది. పైన ఉద్యోగస్థుల ఇళ్ళు, కింద సముద్రం వైపు వేటకెళ్ళేవాళ్ళ ఇళ్ళు. అందరూ తెలుగువాళ్ళే, అందరి పెద్దలూ శ్రీకాకుళం తీరం నుంచి ఈ దీవికి వచ్చినవాళ్ళే. మా మామగారికి ఉద్యోగం వచ్చాక మా కుటుంబం పైకి ఎక్కింది. అంతకుముందు మా అత్తగారు అచ్చమ్మ నెత్తిన తట్ట పెట్టుకుని ఇంటింటికీ చేపలు అమ్మిన మనిషి. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

మలుపులో ఉన్న యూత్ క్లబ్బు గదిలో క్యాంపు పెట్టారు. మిషను తెచ్చిన కుర్రాడు ఉమేష్ ప్రోతరాపూర్ వాడే. మెయిన్‌లాండ్‌లో చదివి, ఏదో రీసెర్చి యూనిట్‌లో చేరి, ఈ మిషనుతో తిరిగొచ్చాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు, అక్షరం మాత్రం చదవలేడు. అతని మీద ఒక ఆఫీసరు ఉన్నాడు, హిందీ ఆయన, ఎప్పుడూ రెయిన్‌కోటు విప్పని మనిషి.

మిషను కుట్టుమిషను మూత అంత ఉంటుంది. రూపాయి బిళ్ళంత మెరిసే రేకు మీద మన ఉమ్ము చుక్క వేసి, చిన్న ఫ్యాను కింద ఆరబెట్టి, లోపల పెడతారు. రెండు నిమిషాల్లో తెర మీద గుట్టలూ లోయలతో ఒక గీత వస్తుంది. పక్కన ఎర్ర గుర్తో, పచ్చ గుర్తో.

"లోపల ఏటుంది బాబూ?" అని అడిగింది కాళమ్మ. కింద వరసలో మొదటి ఇల్లు ఆవిడది. ఈనాటికీ తట్ట మోస్తుంది.

"వెలుతురు, మామ్మా. కంటికి కనపడదు. ఉమ్ములో ఉన్న ఒక్కో పదార్థం తనకి కావలసిన వెలుతురు మింగేస్తుంది. ఏది ఎంత మింగిందో ఈ గీత చెప్తుంది."

"అయితే జొరం పురుగు కనపడతాదా?"

"పురుగు కనపడదు. పురుగు దూరినప్పుడు ఉమ్ము మారుతుంది కదా, ఆ మార్పు కనపడుతుంది."

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. పోర్ట్ బ్లెయిర్ కాలేజీలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివినప్పుడు ఇలాంటి గీత చూశాను. పద్నాలుగేళ్ళైంది. ఆ తర్వాత నేను రోజూ చూసిన గీతలు పాల గ్లాసు మీద మీగడ గీతలే. అందుకే ఉండబట్టలేక అడిగాను.

"దీనికి జ్వరం గీత ఏదో, మామూలు గీత ఏదో ఎవరి ఉమ్ముతో నేర్పారు?"

ఉమేష్ తలెత్తి చూశాడు. "మెయిన్‌లాండ్‌లో రెండువేల మందితో, దీదీ. హాస్పిటల్‌కి వచ్చినవాళ్ళు, కాలేజీ పిల్లలు, ఆఫీసులవాళ్ళు."

"ఇక్కడివాళ్ళు?"

"ఇప్పుడే కదా మొదలుపెట్టాం," అని నవ్వాడు.

ఫారం హిందీలో ఉంది. మా అత్తగారి ఫారం మా ఆయన నింపారు. షుగరు ఉంది, బీపీ ఉంది. పొగ తాగే అలవాటు? "మా ఇంట్లో అలాంటివి లేవండీ," అని కొంచెం గట్టిగానే చెప్పారు. అత్తగారు గోడమీద కేలెండరు చూస్తూ నిలబడ్డారు. వెనక వరసలో కాళమ్మని అడిగితే, "సీ, ఆడదాన్ని, బీడీలూ సిగరెట్లూ నాకెందుకు బాబూ," అంది. ఆవిడ వెనక గవరమ్మ, ఆవిడ వెనక నూకరత్నం, అందరిదీ అదే జవాబు.

నేను నేల చూశాను. చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు.

*

మర్నాడు మధ్యాహ్నం పేర్లు వచ్చాయి. నూట నలభై మందిలో తొమ్మిదిమంది పాజిటివ్. మూడో పేరు అచ్చమ్మ.

ఆ తొమ్మిదిమంది ముక్కుల్లోంచి శాంపిల్స్ తీసి ల్యాబ్‌కి పంపారు, అసలైన రిపోర్టు రావడానికి ఆరు రోజులు పడుతుందన్నారు. ల్యాబ్‌లో శాంపిల్స్ గుట్టలు పడ్డాయి, వానకి ఫ్లైట్లు రద్దయి కిట్లు రాలేదు. అందాకా మిషను మాటే మాట. రేపు పదింటికి బండి వస్తుంది, తొమ్మిదిమందినీ ప్రోతరాపూర్ దగ్గర హాల్లో పది రోజులు ఉంచుతారు. హాడోలో జ్వరం వచ్చినవాళ్ళందరూ ఆ హాల్లోనే ఉన్నారు.

సాయంత్రానికి గల్లీ రెండు కొసలా రిబ్బను కట్టేశారు. చేపలకి ఐసు తెచ్చే బండి కిందికి దిగనన్నది. కాళమ్మ తట్టలో చేపలు ఒక్కటీ అమ్ముడుపోకుండా తిరిగొచ్చాయి. "డిగ్నాబాద్ మచ్ఛీ నహీ చాహియే" అన్నారట బజారులో, మా గల్లీ చేపలు వద్దని. వార్ఫ్ నుంచి మా ఆయనకి ఫోను వచ్చింది, రావద్దని.

మా ఆయన వాళ్ళమ్మ కంచం విడిగా పెట్టారు, గ్లాసు విడిగా పెట్టారు. "పది రోజులేగా అమ్మా. డాక్టర్లుంటారు. మంచిదే కదా," అని నాలుగుసార్లు అన్నారు.

నేను మాత్రం ఆ తొమ్మిది పేర్లే తిప్పి తిప్పి చూసుకున్నాను. తొమ్మిదిమందీ ఆడవాళ్ళు. అందరికీ యాభై దాటింది. ఒక్క మగవాడు లేడు, ఒక్క పిల్ల లేదు. కాళమ్మ కంచంలో అన్నం తినే మనవరాలికి పచ్చ గుర్తు వచ్చింది. గవరమ్మ పక్కలో పడుకునే మొగుడికి పచ్చ గుర్తు. ఎవరికీ ఒళ్ళు వెచ్చబడలేదు. ఇంత మర్యాద తెలిసిన జ్వరాన్ని నేనెక్కడా చూడలేదు. ఇంటికొచ్చి, మిగతా అందర్నీ వదిలేసి, ముసలి ఆడవాళ్ళని మాత్రమే పలకరించి పోతుందా?

అయితే ఆ తొమ్మిదిమందికీ ఉన్న ఇంకో పోలిక నాకు తెలుసు.

అత్తగారు పెరట్లో రేకు షెడ్డు కింద కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నారు. ఆయన ముందు గదిలో ఫోనులో ఉన్నారు. నేను వెళ్ళి ఎదురుగా పీట వేసుకున్నాను.

"అత్తయ్యా, క్యాంపుకి వెళ్ళేముందు ఎన్నింటికి కాల్చారు?"

ఆవిడ చేతిలో కాయ ఆగిపోయింది. "ఏటి కాల్చడం?"

"చుట్ట."

ఆవిడ కాయని గిన్నెలో వేసి ముందు గది వైపు ఒకసారి చూశారు.

"నీకెప్పుడు తెలిసింది?"

"పెళ్ళైన నాలుగో రోజు."

"పదకొండేళ్ళా!" ఆవిడ నన్ను పైనుంచి కిందికి కొత్తగా చూశారు. "ఎంత గుంభనమే నీది! ఒక్కనాడు ముక్కయినా చిట్లించలేదు."

"మీరు లవంగం నమిలి వచ్చేవారు కదా."

మా తీరంలో పెద్దవయసు ఆడవాళ్ళు చాలామంది చుట్ట కాలుస్తారు. అందరిలా కాదు. అంటించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుంటారు. అడ్డపొగ అంటారు దాన్ని. మగవాళ్ళు సిగరెట్టు తాగితే వీధిలో తాగుతారు. అడ్డపొగ మాత్రం పెరట్లో, తెల్లవారకుండా, ఎవరికీ కనపడకుండా. అది పొగ తాగడమని ఆ తొమ్మిదిమందిలో ఒక్కరూ అనుకోరు. అనుకున్నా పరాయి మగవాడి ముందు, కన్నకొడుకు ముందు ఒప్పుకోరు. మెయిన్‌లాండ్ ఆఫీసులవాళ్ళలో, కాలేజీ పిల్లల్లో నోట్లో నిప్పు పెట్టుకున్నవాళ్ళు ఎవరుంటారు? మిషను అలాంటి ఉమ్ము ఎప్పుడూ చూసి ఉండదు. కొత్తది కనపడింది, జ్వరం అనుకుంది.

ఇదంతా అత్తగారికి చెప్పాను. ఆవిడకి అర్థమైంది. చకచకా అర్థమైంది.

"అయితే మాకు జొరం లేదన్నమాట."

"ఉండకపోవచ్చు. ఆ హాల్లో పది రోజులుంటే మాత్రం తప్పకుండా వస్తుంది. రేపు ఉమేష్‌తో చెబుదాం."

"ఏమని సెబుతాను?" ఆవిడకి కోపం వస్తే తీరం భాష పైకొస్తుంది. "గోపీ ఎదురుగా నిలబడి, ఒరే, మీయమ్మ అడ్డపొగ కాలుత్తాదిరా అని సెప్పనా? ఆ హాల్లో సచ్చినా నయమే."

"మీ ఒక్కరి సంగతైతే సరే అత్తయ్యా. తొమ్మిదిమంది ఉన్నారు. కాళమ్మ పిన్ని తట్ట తిరిగొచ్చింది ఇవాళ. మీరు నోరు విప్పకపోతే వాళ్ళెవరూ విప్పరు. ఉద్యోగస్థుల ఇంటి మనిషి మీరు, మీరే చెప్పకపోతే వాళ్ళకి ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ఆవిడ మిగతా కాయలు అందుకున్నారు. గిన్నెలో కాయలు అయిపోయాయి. ఈనెలు కూడా ఏరి ఒక పక్క పెట్టారు.

"సెప్పినా నమ్మరు," అన్నారు చివరికి. "ముసలిముండలు బండి ఎక్కలేక వంకలు ఎడుతున్నారంటారు."

అది నిజం. దానికీ నేను ఆలోచించి పెట్టుకున్నాను.

"నాకు పచ్చ గుర్తు వచ్చింది కదా. నేను వాళ్ళ ఎదురుగా కాల్చి, మళ్ళీ ఉమ్మేస్తాను. అప్పుడు ఏ గుర్తు వస్తుందో వాళ్ళే చూస్తారు."

అత్తగారు నోరు తెరిచి నన్ను చూశారు. మొదట నవ్వు రాలేదు. తర్వాత భుజాలు కదిలాయి, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"నువ్వా! పోపు పొగకే దగ్గుతావు. నిప్పు నోట్లో పెట్టుకుంటావా?"

"నేర్పండి."

"ఓలమ్మా," అన్నారావిడ, కళ్ళు తుడుచుకుంటూ. "నాలిక ఎనక్కి లాక్కోవాలి. పెదాలు తడిగా ఉండాలి. అంటించని కొస పళ్ళ మధ్య పట్టుకోవాలి..."

*

బండి పదింటికి రావాల్సింది, తొమ్మిదిన్నరకే వచ్చింది. తొమ్మిదిమందీ సంచులతో క్లబ్బు వరండాలో ఉన్నారు. రిబ్బను అవతల గల్లీ అంతా గొడుగులు వేసుకుని నిలబడింది. మా ఆయన వాళ్ళమ్మ సంచి పట్టుకున్నారు. అందులో మాత్రలు, రెండు చీరలు, దుప్పటి. ఆయనకి మేమేమీ చెప్పలేదు.

నేను ఉమేష్ దగ్గరికి వెళ్ళాను. "నాకు ఇంకోసారి టెస్టు చెయ్యి."

"మీది నెగెటివ్ వచ్చింది కదా దీదీ."

"మళ్ళీ చెయ్యి."

చేశాడు. పచ్చ. ఆ గీతని అలాగే దాచి ఉంచమన్నాను. తర్వాత కాళమ్మ వైపు చెయ్యి చాచాను. ఆవిడ బొడ్లోంచి చుట్టల కట్ట తీసి ఒకటి ఇచ్చింది. రాత్రే అనుకున్నాం కాబట్టి ఆవిడేమీ కంగారు పడలేదు.

కాగితాలు చూసుకుంటున్న ఆఫీసరు తలెత్తాడు. "మేడమ్, యే క్యా తమాషా హై?"

"తమాషా నహీ సాబ్. టెస్ట్ హై."

కాళమ్మ అగ్గిపెట్టె తీసింది. వానకి పుల్లలు మెత్తబడ్డాయి. గీస్తే మందు ఊడి రాలుతోంది. ఒకటి, రెండు, నాలుగు. ఆఫీసరు లేచి నిలబడ్డాడు. రిబ్బను అవతల ఎవరో కిసుక్కుమన్నారు. ఇదంతా ఇంతటితో అయిపోతుందా అనిపించింది.

అత్తగారు వరండా చివర నుంచి నడిచి వచ్చారు. నా చేతిలోంచి చుట్ట తీసుకున్నారు. కొసని పంటితో కొరికి ఉమ్మేశారు. వెనక్కి తిరగకుండానే చెయ్యి చాచారు.

"గోపీ, అగ్గి."

మా ఆయన కదల్లేదు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. తర్వాత సంచి నేల మీద పెట్టి, ప్యాంటు జేబులోంచి లైటరు తీసి వాళ్ళమ్మ చేతిలో పెట్టారు.

నాకు తెలియని లైటరు.

అత్తగారు చుట్ట అంటించి, రెండు దమ్ములు లాగి నిప్పు కుదురుకున్నాక, నోట్లోనే తిప్పి చూపించారు. నిప్పు లోపలికి వెళ్ళింది. బుగ్గలు లోపల ఎర్రగా వెలిగాయి. కింద వరసలో ఇది అందరికీ తెలుసు. అచ్చమ్మ చెయ్యడం మాత్రం పైవరసలో ఎవరూ చూడలేదు.

"ఇలాగ," అని నాకు ఇచ్చారు. "అంగిలికి ఆనించకు. పొగ ముక్కుతో ఒదిలెయ్."

పెట్టుకున్నాను. వేడి ముందు పళ్ళకి తగిలింది, తర్వాత తలంతా నిండింది. దగ్గు వచ్చింది. దగ్గితే నిప్పు అంగిలికి తగిలింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా చుట్ట తియ్యలేదు. అత్తగారు నా వీపు మీద చెయ్యి వేసి, "లాగు, లాగు, మెల్లిగా," అంటున్నారు, పిల్లకి నడక నేర్పినట్టు. సగం కాలేవరకూ ఉంచాను.

తర్వాత, ఏది నోట్లో పెట్టుకున్నా ఉమ్మేముందు అరగంట ఆగాలని వాళ్ళ ఫారంలో రాసినట్టే అరగంట కూర్చున్నాను. వాళ్ళందరూ రోజూ చేసినట్టే నాలుగుసార్లు పుక్కిలించాను. ఆఫీసరు రెండుసార్లు గడియారం చూశాడు, కాని అందరి కళ్ళూ ఆయన మీద ఉండేసరికి వెళ్ళలేకపోయాడు. ఉమేష్ కొత్త రేకు తీశాడు. ఉమ్మాను. ఆరింది. లోపల పెట్టాడు.

ఎర్ర గుర్తు.

ఉమేష్ కుర్చీ దగ్గరికి లాక్కుని నా రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి వేశాడు. తర్వాత అచ్చమ్మ గీత తెచ్చాడు, కాళమ్మది తెచ్చాడు, ఒక్కొక్కటే తొమ్మిదీ తెచ్చాడు. నా మొదటి గీతలో లేని గుట్ట ఒకటి రెండో గీతలో లేచింది. ఆ తొమ్మిదింటిలోనూ అదే చోట అదే గుట్ట.

"ఏక్ సే కుఛ్ సాబిత్ నహీ హోతా," అన్నాడు ఆఫీసరు. ఒక్కదానితో ఏదీ రుజువు కాదు అని.

"అలాగైతే ఈవిణ్ణి కూడా బండి ఎక్కించండి," అంది కాళమ్మ. "అరగంటలో జొరం వచ్చీసింది గదా పాపం! ఓలి గవరీ, జరుగు, కోడలమ్మకి సోటియ్యి!"

రిబ్బను అవతల అందరూ ఘొల్లున నవ్వారు. ఆ నవ్వులోనే నూకరత్నం బొడ్లోంచి తన కట్ట తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత ఇంకొకావిడ. కాసేపటికి ఫారాల పక్కన ఎనిమిది చుట్టల కట్టలు ఉన్నాయి. అత్తగారిది తొమ్మిదోది. అది మాత్రం ఆవిడ బల్ల మీద పడెయ్యలేదు, ఆఫీసరు చేతికే ఇచ్చారు.

"లిస్టు పైకి వెళ్ళిపోయింది," అన్నాడాయన హిందీలోనే, ఆ కట్టని ఎక్కడ పెట్టాలో తెలియక. "బండి ఖాళీగా ఎలా పంపను?"

"సర్, తప్పు నా మిషనుది," అన్నాడు ఉమేష్. "నేనే రాసిస్తాను. వీళ్ళలో జ్వరం ఉందో లేదో ఈ మిషనుకి ఇప్పుడు తెలియదు. ఉందనీ కాదు, లేదనీ కాదు."

ఆ మాట నాకు నచ్చింది. నేను అడిగిందీ అంతే. ఫారం వెనక్కి తిప్పి, హిందీలో నేనే రాశాను. ల్యాబ్ రిపోర్టు వచ్చేవరకూ ఈ తొమ్మిదిమందీ తమ ఇళ్ళలోనే, విడి గదిలో, విడి కంచంతో ఉంటారు. రోజుకి రెండుసార్లు జ్వరం చూసి రాసిపెడతాను. వేరే ఎక్కడికీ వెళ్ళరు, ఆ హాలుకి కూడా. కింద సంతకం పెట్టాను.

"ఎవరికైనా ఏదైనా అయితే?" అన్నాడు ఆఫీసరు.

"పేరు రాశాను కదా సాబ్."

"నా పేరూ ఉండాలి," అన్నారు అత్తగారు. "రాయడం రాదనుకోకు. ఇలా తే." తెలుగులో, పెద్ద అక్షరాలతో, అచ్చమ్మ అని పెట్టారు. మిగతా ఎనిమిదిమందీ వేలిముద్రలు వేశారు. ఆఫీసరు చాలాసేపు ఆ కాగితం చూసి, తన రిజిస్టర్లో 'మళ్ళీ పరీక్ష చెయ్యాలి' అని రాసుకున్నాడు. బండి ఖాళీగా కొండ ఎక్కి వెళ్ళిపోయింది.

*

ఇంటికొచ్చాక అన్నం మింగలేకపోయాను. అంగిలి మీద బొబ్బ. అత్తగారు తన గది గుమ్మంలో ముక్కుకి గుడ్డ కట్టుకుని కూర్చుని, అక్కణ్ణుంచే ఆయనకి పురమాయించారు. "గంజి సల్లార్చి, ఉప్పెయ్యకుండా ఇయ్యిరా దానికి."

ఆయన ఇచ్చారు. నా ఎదురుగా కూర్చున్నారు. "నాకెందుకు చెప్పలేదు అమ్మా?" అన్నారు గుమ్మం వైపు చూడకుండా.

"నువ్వు అడిగావేటి?" అన్నారావిడ. "నెత్తి మీద తట్ట, ఒక సేతిలో తక్కెడ, ఒక సేతిలో నువ్వు. సముద్రం గాలికి నిప్పు ఆరిపోతాది. నోట్లో ఎట్టుకుంటే ఆరదు. ఆకలి కూడా తెలీదు. నీకు అయిదేళ్ళు ఒచ్చేదాకా మనం అలాగే తిరిగాం. గుర్తు లేదా?"

ఆయన గంజి గిన్నె తీసుకెళ్ళి కడిగిపెట్టారు. మా పెళ్ళైన ఈ పదకొండేళ్ళలో అదే మొదటిసారి. లైటరు సంగతి నేను అడగలేదు. దానికీ ఒక రోజు వస్తుంది.

ఆ ఆరు రోజులూ పొద్దున్నా సాయంత్రమూ థర్మామీటరు పట్టుకుని తొమ్మిది గుమ్మాలు తిరిగాను. ఎవరి గుమ్మంలోకి వెళ్ళినా, "ఏం కోడలమ్మా, చుట్ట కావాలా?" అని వేళాకోళం. మూడో రోజు సాయంత్రం గవరమ్మకి ఒళ్ళు వెచ్చబడింది. నాలుగో రోజు దగ్గు. నేనే ఉమేష్‌కి ఫోను చేశాను. చెయ్యొద్దని ఇద్దరు ముగ్గురు అన్నారు, మన మాట పోతుందని. పోతే పోనీ అన్నాను. గవరమ్మని సముద్రం వైపు వలల గదిలో ఉంచి, కిటికీలోంచి అన్నం అందించారు. డాక్టరు అక్కడికే వచ్చి చూశాడు.

ల్యాబ్ రిపోర్టు వచ్చింది. ఎనిమిదిమందికి లేదు. గవరమ్మకి ఉంది. అప్పటికి ఆవిడ లేచి తిరుగుతోంది, వాళ్ళింట్లో ఇంకెవరికీ సోకలేదు. రిబ్బను విప్పేశారు. ఐసు బండి దిగింది. వచ్చిన డాక్టరు పనిలో పనిగా తొమ్మిదిమంది నోళ్ళూ టార్చి వేసి చూసి, అత్తగారి అంగిలి మీద తెల్లమచ్చ ఉందని, చుట్ట మానకపోతే పుండవుతుందని చెప్పాడు. "సూద్దాం," అన్నారావిడ. రోజుకి నాలుగు నుంచి ఒకటికి వచ్చారు. ఆ ఒకటి కోసం ఇప్పటికీ మాకిద్దరికీ యుద్ధమే.

ఆదివారం ఉమేష్ మా ఇంటికి వచ్చాడు, ఫారాల దొంతర తీసుకుని. తొమ్మిదిమందీ చుట్ట కాల్చక ముందు ఒకసారి, కాల్చాక ఒకసారి ఉమ్ము ఇస్తే మిషనుకి నేర్పుకుంటానన్నాడు. అందరూ మా పెరట్లో షెడ్డు కింద చేరారు.

"గురువారం ఓడకి మిషను హట్‌బే దీవికి పంపేస్తున్నారు, దీదీ," అన్నాడు. "ఈ పని ఆలోగా అయిపోవాలి."

"హట్‌బేలో సున్నం వేసుకుని సుపారీ నమిలేవాళ్ళు ఎంతమంది ఉంటారో తెలుసా నీకు?" అన్నాను.

అతను పెన్ను ఆపాడు.

"ఖైనీ నలిపేవాళ్ళున్నారు," అంది నూకరత్నం.

"పొగాకు పొడితో పళ్ళు తోంకునేవాళ్ళు," అంది గవరమ్మ, కాస్త దూరంగా కూర్చుని.

"మా ఆయన సారా తాగి ఎండుచేప నంజుకుంటాడు," అంది కాళమ్మ. "ఆ ఉమ్ము ఎడితే నీ మిషను పేలిపోద్ది!"

అందరూ నవ్వుతుంటే ఉమేష్ కూడా నవ్వాడు, కాని మొహంలో రంగు మారింది. ఫోను తీసి తేదీలు చూసుకున్నాడు. "ఇవన్నీ నేర్పాలంటే మూడు వారాలు పడుతుంది దీదీ. గురువారం ఓడ తప్పితే మళ్ళీ ఎప్పుడో. సాబ్ ఒప్పుకోడు."

అత్తగారు పీట అతని దగ్గరికి జరుపుకున్నారు. ఫారంలో పొగ అలవాటు అడిగినచోట పక్కన ఉన్న ఖాళీని వేలితో చూపించారు.

"ఓడ ఆగుద్ది. ముందు నువ్వు రాసుకో."